అల్మారా వెంట వచ్చింది

4 అక్టోబర్ 2023, బుధవారం

అర్సపల్లి దాటాక బోధన్ రోడ్డు మీద పాత సామాను అమ్మే అతని దగ్గర టేకు అల్మారా ఒకటి చూసి పెట్టుకొని నెల అయింది. నిన్న ప్రధాని సభ. ఊరంతా బస్సులు, జెండాలు, ఎక్కడ విన్నా పసుపు బోర్డు ముచ్చట. స్కూటర్ బయటికి తీయలేదు. ఇవాళ వెళ్ళాను.

ఏదో గడి కూలగొట్టినప్పుడు వచ్చిన సామానట. గడుల స్తంభాలూ తలుపులూ లారీలెక్కి హైదరాబాద్ రిసార్టులకు పోతాయి. మనబోటివాళ్ళకు అల్మారాలు, చేతులు విరిగిన కుర్చీలు మిగులుతాయి. బేరం 6,500 దగ్గర తెగింది. ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే అల్మారా వెనక నుంచి బొంత చుట్టిన పొడుగాటి మూట జారి పడింది. విప్పితే తుపాకి.

"నిజాం నవాబు బందూకు సార్. పేల్దు. గోడకు పెడితే మస్తు షో ఉంటది. పదిహేను వందలియ్యి, తీస్కపో."

చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో 31 సీజన్లు చేసినవాణ్ణి. చూడకుండా, తూచకుండా ఒక్క గ్లాసు రసానికీ సంతకం పెట్టలేదు. అలాంటివాణ్ణి మారు మాట్లాడకుండా 1,500 తీసిచ్చాను. ఇంటికొచ్చాక మా ఆవిడ అల్మారా వంక చూడనే లేదు.

"బట్టలు పెట్టుకునేది తెస్తనని పోయి గిదేంది?"

జవాబు దొరకలేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడూ దొరకడం లేదు. రెండు చేతుల్లోకీ తీసుకున్నప్పుడు ఆ బరువు నచ్చింది, అంతే.

6 అక్టోబర్, శుక్రవారం

ఈ రెండు రోజుల్లో దానికి మూడు పేర్లొచ్చాయి. అమ్మినవాడికి నిజాం బందూకు. పొరుగింటి పటేల్‌కు శికారు తుపాకి: వాళ్ళ తాత ఇలాంటిదాంతోనే ఎల్లారెడ్డి అడవుల్లో చిరుతను కొట్టాడట (పోయినసారి చెప్పినప్పుడు అది పెద్దపులి). పాలు పోసే పిల్లవాడికి రజాకార్ల తుపాకి. మన దగ్గర ఏ పాత ఇనుము దొరికినా నిజాందో, రజాకార్లదో కాక తప్పదు. మధ్యలో ఇంకెవరూ బతకనట్టే.

పేరు పెట్టే ముందు కొలవాలి. రైతు ఎప్పుడూ "ఈ యేడు చెరుకు మంచి తీపి సార్" అనే అంటాడు; బ్రిక్స్ స్పిండిల్ ఏమంటుందో చూసి గాని మేం నోరు విప్పేవాళ్ళం కాదు. మధ్యాహ్నం మా ఆవిడ పడుకున్నాక వరండాలో చాప పరిచి కూర్చున్నాను.

పొడవు 113 సెంటీమీటర్లు. బరువు, బియ్యం తూచే కాటా మీద, నాలుగు కిలోలకు కొంచెం తక్కువ. పైనా కిందా కట్టె గొట్టం మూతి దాకా కప్పి ఉంది. మూతి దగ్గర మొద్దు ముక్కులా ఇనుప తొడుగు, దాని కింద బాయినెట్ తగిలించే బొడిపె. ట్రిగ్గర్ ముందు డబ్బాలాంటి పెట్టె. కుడిపక్క బోల్టు, కిందికి వంగిన గుండ్రటి పిడి. బోల్టు వెనక్కి వస్తుంది గాని దాని తలకాయ లేదు. అక్కడ మరలు మాత్రం కనబడుతున్నాయి.

గొట్టం మూతిలో మట్టి. కుమ్మరి పురుగు గూడు. సైకిల్ పుల్లతో మెల్లగా గీకితే అరచేతి నిండా ఎర్రమట్టి రాలింది. అందులో ఎండిపోయిన సాలీళ్ళు. తుడిచి, వెర్నియర్ లోపలి దవడలు పెట్టి మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ 10.4 మిల్లీమీటర్లే.

చాప మీదే కునుకు తీసి లేచేసరికి మా ఆవిడ తుపాకి మడమకు చింతపండు రుద్దుతోంది. మడమ అడుగున ఉన్న రేకు ఇత్తడిదని నేను గమనించనే లేదు. దేవుడి గిన్నెలు తోమే చేతికి వెంటనే తెలిసింది. ఆ రేకుకు చిన్న తలుపు. తెరిస్తే లోపల తొర్ర, తొర్రలో వేలెడంత ఇత్తడి నూనె సీసా. మూత తిప్పితే తుప్పు రంగు జిగురు. వాసన చూశాను. దేని వాసనో చెప్పలేను గాని మొలాసిస్ కాదని మాత్రం ప్రమాణం చేయగలను.

ఇనుము జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు. ఎమరీ కాగితం పెట్టి రుద్దితే తుప్పుతో పాటు అక్షరాలూ పోతాయి. అక్షరాలే కదా కావలసింది.

8 అక్టోబర్, ఆదివారం

పుణె నుంచి అల్లుడు ఫోటో చూసి ఒక్క క్షణంలో తేల్చాడు. "మామయ్యా, ఇది త్రీనాట్‌త్రీ. సినిమాల్లో పోలీసుల దగ్గర ఉంటుంది చూడండి, అదే."

నాలుగో పేరు. ఈసారి కొంచెం దమ్మున్నది. పతంగి కాయితం పరిచి, మెత్తటి పెన్సిల్ అడ్డంగా రుద్దుతూ బోల్టు కింది ఉక్కు పట్టీ మీది ముద్రలు కాయితం మీదికి తెచ్చాను. కుడిపక్కన పైనుంచి కిందికి ఇలా: కిరీటం. జి.ఆర్. ఎన్‌ఫీల్డ్. 1916. ఎస్‌హెచ్‌టి. ఎల్.ఇ. ఆ కింద రోమన్ మూడు, పక్కన చిన్న నక్షత్రం.

జి.ఆర్. అంటే జార్జి రాజు, ఆ సంవత్సరానికి అయిదో జార్జి. ఎన్‌ఫీల్డ్ లండన్ పక్కన సర్కారు తుపాకుల కార్ఖానా. ఎల్.ఇ. లీ-ఎన్‌ఫీల్డ్. లీ అంటే జేమ్స్ పారిస్ లీ, స్కాట్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాడు. ఈ బోల్టూ, కింది పెట్టె ఏర్పాటూ అతని బుర్రలోంచి వచ్చినవి. ముందున్న ఎస్‌హెచ్‌టి 'షార్ట్'కు పొట్టిపేరు, అంటే పొట్టి చేసిన నమూనా. మూడు మూడో రకం. ఆ నక్షత్రం యుద్ధంలో తొందర. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకులు చాలక, దూరపు గురి చూసే అదనపు అమరికల వంటివి తీసేసి చవకగా, త్వరగా చేశారు. తీసివేతకు గుర్తుగా నక్షత్రం పెట్టడం ఇంకెక్కడా చూడలేదు. మనం దేనికైనా కలిపితేనే నక్షత్రం పెడతాం.

నకిలీ కావచ్చునన్న అనుమానమూ తీర్చుకున్నాను. ఖైబర్ కనుమ వైపు దర్రా ఆదంఖేల్‌లో తరతరాలుగా చేత్తో తుపాకులు చేస్తారు. తుపాకి చేయడం వాళ్ళకు వచ్చు, ఇంగ్లీషు చదవడం రాదు. అందుకే వాళ్ళ ఎన్‌ఫీల్డ్‌లో ఎన్ అక్షరం చాలాసార్లు తిరగబడి ఉంటుంది. విక్టోరియా రాణి 1901లోనే పోయినా ఆ తర్వాతి సంవత్సరం ముద్రల మీద కూడా వి.ఆర్. అని ఆమె పేరే కొడతారు. భూతద్దం పెట్టి చూశాను. నా ఎన్ సరిగ్గానే నిలబడింది. రాజుకూ సంవత్సరానికీ పొంతన ఉంది.

మరి లెక్క? త్రీనాట్‌త్రీ అంటే అంగుళంలో వెయ్యోవంతులు 303, అంటే 7.7 మిల్లీమీటర్లు. నా వెర్నియర్ 10.4 అంటోంది. ల్యాబులో బ్రిక్స్ ఒకటి చెప్పి పోలరిమీటర్ ఇంకొకటి చెబితే, పరికరాన్ని తిట్టకుండా సాంపిల్ ఎవరు మార్చారా అని చూసేవాళ్ళం.

సాయంత్రం వెలుగు ఏటవాలుగా పడ్డప్పుడు ఎడమపక్కన ఇంకో ముద్ర కనబడింది. ఆర్.ఎఫ్.ఐ. దాని కింద 194, ఆ పక్క అంకె ఉండవలసిన చోట తుప్పు తిన్న గుంట. రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డు. పెట్టెకు ముందు కట్టెలో అడ్డంగా దిగిన మర కూడా ఇషాపూర్ వాళ్ళ అలవాటే, కట్టె పగలకుండా బిగించేది. అంటే ఇంగ్లండులో పుట్టిన తుపాకి పాతికేళ్ళ తర్వాత మన దేశంలో మళ్ళీ ఎవరి చేతుల్లోనో పడింది. ఏం చేశారు దీన్ని?

9 అక్టోబర్, సోమవారం

మధ్యాహ్నం టీవీలో ఎన్నికల తేదీలు. తెలంగాణకు నవంబర్ 30. ఈ క్షణం నుంచే కోడ్. లైసెన్సున్న తుపాకులు కూడా ఠాణాలో అప్పగించాలి.

లైసెన్సున్నవాళ్ళకే ఆ మాట అయితే, బొంతలో చుట్టి మంచం కింద పెట్టుకున్నవాడి సంగతి?

వకీలు మేనల్లుడికి ఫోన్ చేశాను. రెండు నిమిషాలు మాట రాలేదు వాడికి. "మామా, ఏం తెచ్చి పెట్టుకున్నవు? త్రీనాట్‌త్రీ అంటే మిలిటరీ బోర్. పీబీ కిందికొస్తది." పీబీ అంటే మామూలు పౌరుడు ముట్టరాని బోరు. ఫౌజు వాడే తూటా పౌరుల తుపాకుల్లో పట్టకూడదని ఏర్పాటు. ఇషాపూర్ వాళ్ళు జనానికి .315 రైఫిలని వేరే కొలతతో చేసి అమ్మేది అందుకే. 2019 సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా అలాంటిది దగ్గరుంటే ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళు.

"పాత వస్తువురా, వందేళ్ళ పైమాట. మినహాయింపు లేదా?"

ఉంది, 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో. వాడుకలో లేని నమూనా అయినా, పురాతన వస్తువైనా, పాడైనదైనా చట్టం వర్తించదు. కానీ వాక్యం చివర కొక్కెం ఉంది: మరమ్మతు చేసినా, చేయకపోయినా, తుపాకిగా పనికిరానిదై ఉండాలి. మరమ్మతు చేసినా! నా తుపాకికి లేనిది బోల్టు తలకాయ ఒక్కటే. ఇంకోటి తెచ్చి మర తిప్పితే సరిపోతుంది. ఆ ముక్క రాసినవాడెవరో గాని మనుషుల్ని బాగా చదివాడు.

రాత్రి నిద్ర లేదు. మంచం కింద ఉన్నదాని మీద పడుకున్నట్టే ఉంది.

11 అక్టోబర్, బుధవారం

బోధన్ బస్సెక్కాను. తుపాకి ఇంట్లోనే; కాయితం అచ్చులు, కొలతల చీటీ జేబులో. ఎడపల్లి దగ్గర పోలీసులు బండ్లు ఆపి డిక్కీలు తెరిపిస్తున్నారు. సంచిలో కాయితాలే ఉన్నా గుండె దడదడలాడింది.

శక్కర్‌నగర్ చిమ్నీ ఇప్పటికీ దూరం నుంచి కనబడుతుంది. 1931లో నిజాంసాగర్ పూర్తయి నీళ్ళొచ్చాయి, నీళ్ళ వెంట చెరుకు, చెరుకు వెంట ఈ ఫ్యాక్టరీ. ఆసియాలోనే పెద్దదని చెప్పుకుంటూ పెరిగాం. 2015 డిసెంబర్‌లో మూతపడింది. పొగ లేని చిమ్నీని చూడబుద్ధి కాక అవతలి కిటికీ వైపు తిరిగాను.

ఆర్మరర్ సాబ్ ఇల్లు దేవల్ మసీదు వెనక గల్లీలో. పోలీసు ఆయుధాల మరమ్మతులో ఉద్యోగమంతా గడిపిన మనిషి. క్వార్టర్స్ కాలం నుంచి ఎరుక.

"కెమిస్ట్ సాబ్, దాన్ని ఎత్తుకొని రాలే గద?"

"లేదు, కాయితాలే."

"బతికిపోయిన్రు. కూర్చోండి."

అచ్చులు చూసి తల ఊపాడు. చీటీ చూసి మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాలి లోపట బత్తీ కొట్టి చూసిన్రా? గాళ్ళున్నయా?"

"లేవు. అద్దంలా నున్నగా ఉంది. తుప్పుకు అరిగిపోయాయేమో అనుకున్నాను."

"అరగలే. తుప్పు అంత సాఫుగా అరగదీయదు. కింద మ్యాగజైన్ ఊడుతున్నదా?"

"రావడం లేదు."

"రాదు. దాంట్ల కట్టె ముక్క దిగ్గొట్టి ఉంటది." ఇక నవ్వాడు. "ఫోర్ టెన్ మస్కెట్ సాబ్ ఇది. త్రీనాట్‌త్రీ శకల్, లోపట వేరే జాన్. ఒకటి పెట్టాలె, ఒకటి కొట్టాలె, మళ్ళ ఒకటి పెట్టాలె. జైలు సంత్రీలకు, బందోబస్తు జవాన్లకు ఇచ్చేటోళ్ళు."

పదింటి తుపాకిని ఒక్కదాని తుపాకి చేశారన్నమాట. మెలి తిరిగిన గాళ్ళుంటేనే గుండు గిరగిర తిరుగుతూ తిన్నగా దూరం పోతుంది. ఇందులో గాళ్ళే లేని నున్నటి గొట్టం. తూటా కూడా దీనికే ప్రత్యేకం. త్రీనాట్‌త్రీ తూటా గొట్టానికి మెడ దగ్గర సన్నం చేయకుండా నిలువుగా వదిలేసి చేసినది. బజారులో దొరికే ఫోర్ టెన్ షాట్‌గన్ తూటా ఇందులో పట్టదు.

"ఇంత కష్టపడి చెడగొట్టడం దేనికి?"

"జవాన్ దగ్గర నుంచి ఎవడన్న గుంజుకుంటే? లేకపోతే జవానే తిరగబడితే?" చాయ్ గ్లాసు చేతికిచ్చాడు. "బందూకు ఇయ్యాలె, భరోసా ఇయ్యొద్దు. గంతే."

12 అక్టోబర్, గురువారం

పొద్దున లేవగానే టార్చి తీసుకొని బోల్టు వెనక్కి లాగి పై నుంచి చూశాను. తూటాలు పేర్చవలసిన చోట కట్టె ముక్క. మడమ కట్టె ముదురు రంగు, బిగువైన నార. ఇది పాలిపోయిన మెత్తటి కట్టె. పైన సన్నటి గాడి, ఒక్క తూటా పడుకునేంత. ఇన్ని రోజులూ చూస్తూనే ఉన్నాను. మురికి అనుకున్నాను.

దొరలకు ఈ విద్య కొత్త కాదు. 1857 చూశాక సిపాయిలకు మంచి రైఫిలివ్వడానికి చేయి రాలేదు. 1858 నమూనా అని, బయటికి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లాగే ఉండి లోపల గాళ్ళు లేని మస్కెట్ చేయించారు. ఆ తర్వాత కూడా తెల్ల పటాలాలకు కొత్త తుపాకి వచ్చాకే వాళ్ళు విడిచిన పాతది మనవాళ్ళకు దక్కేది. హైదరాబాద్‌లో అంతకు ముందే మొదలు. రేమండ్ 1786లో ఫిరంగుల కార్ఖానా పెట్టిన చోటును ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అంటాం. ఆ ఫ్రెంచి దొర తయారుచేసిన నిజాం పటాలాల చేత 1798లో ఇంగ్లీషువాళ్ళు ఆయుధాలు కింద పెట్టించారు.

నాకు మింగుడు పడనిది ఆ చివరి అంకె. 194 పక్కన ఏముండేది? 1946 అయితే కావలివాణ్ణి నమ్మనిది దొర. 1949 అయితే మనమే. గుంట మీద పెన్సిల్ ఎన్నిసార్లు రుద్దినా నల్లటి చుక్క తప్ప ఏమీ రావడం లేదు. ఆరూ కావచ్చు, తొమ్మిదీ కావచ్చు. గుంటలో రెండింటికీ సరిపడా చోటుంది. మన సర్కారు ఆ మస్కెట్లను సముద్రంలో పారేయలేదు మరి. జవాన్ల భుజాలకే తగిలించింది.

మా ఊళ్ళోని ఇందూరు ఖిల్లా గుర్తొచ్చింది. నిజాం కాలంలో కవి దాశరథిని అక్కడి జైల్లో పెడితే, కాగితం కలం లేక బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. వట్టికోట ఆళ్వారుస్వామి పక్కనే ఉన్నాడు. ఆ ముచ్చట చెప్పని మాస్టారు మా స్కూల్లో లేడు. ఆ గోడకు అవతల నిలబడ్డ సంత్రీ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. వాడి భుజాన ఏముంది? గాళ్ళున్నదా, నున్నటిదా? అదే కాలంలో నల్లగొండ వైపు సాయుధ పోరాట దళాలు భర్మార్లతో, మూతిలోంచి మందు కూరే నాటు తుపాకులతో, కొట్లాడాయి. అవీ ఒక్కసారికి ఒక్కటే పేలేవి. కాకపోతే అది లేమి, ఇది ఏర్పాటు.

మడమ కుడి పక్కన గుండ్రటి పల్లం ఉంది, అర్ధరూపాయంత. పటాలం పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉండే చోటు. బిళ్ళ లేదు. ఎవరి చేతిలో ఉండేదో చెప్పగల అక్షరాలు అవే.

13 అక్టోబర్, శుక్రవారం

వరండాలో గోడకు కొట్టిన రెండు మేకులు పీకేశాను. మేనల్లుడు దరఖాస్తు రాసి పంపాడు: అనుకోకుండా కొన్నది, తెలిసిన వెంటనే అప్పగిస్తున్నది. 21వ సెక్షన్ ప్రకారం ఠాణాలో జమ. 'తెలిసిన వెంటనే' అన్నచోట కలం ఆగింది. తొమ్మిదో తారీఖే తెలుసు నాకు. ఆ నాలుగు రోజులూ భయమొకటే కాదు. పేరు తేలకుండా వదిలిపెట్టడం ఇష్టం లేకపోయింది. మేనల్లుడికి చెబితే తంతాడు. 'తెలిసిన వెంటనే' అనే ఉంచాను.

14 అక్టోబర్, శనివారం

మేనల్లుడి కారులోనే, ముందుగా ఫోన్ చేసి, ఠాణాకు వెళ్ళాం. ఎంగిలిపూల బతుకమ్మ. దారి పొడవునా తంగేడు, గునుగు మోపులు. ఠాణాలో ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్, టేబుల్ మీద ఫోన్ నిలబెట్టి చూస్తున్నారు. మేం బొంత విప్పేసరికి పాకిస్తాన్ వికెట్లు వరసగా రాలుతున్నాయి. తుపాకి వంక ఒక కన్ను, ఫోన్ వంక ఒక కన్ను.

రైటర్ పెన్ను తీశాడు. "ఏం తుపాకి అని రాయమంటరు సార్?"

నేను గొంతు సవరించుకొని మొదలుపెట్టాను. ఎన్‌ఫీల్డ్‌లో 1916లో తయారై, ఇషాపూర్‌లో .410 మస్కెట్‌గా మార్చిన, నున్నటి గొట్టం, ఒక్క తూటా...

ఆయన రాసింది చదివి వినిపించాడు: "త్రీనాట్‌త్రీ రైఫిల్, పాతది, ఒకటి."

"కాదండీ. త్రీనాట్‌త్రీ కాదు."

"చూస్తే గట్లనే ఉన్నది గద సార్. మేం ట్రైనింగ్‌ల పట్టుకున్నదే."

వెర్నియర్ తెచ్చుకోవడం మంచిదైంది. మూతిలో పెట్టి చూపించాను. టార్చి వేసి గొట్టంలోకి చూడమన్నాను. ఇద్దరు కానిస్టేబుళ్ళు లేచి వచ్చారు. ఒకతను కట్టె ముక్కను వేలితో నొక్కి "అరె, దీంట్ల కట్టె పెట్టిన్రు" అని నవ్వాడు. ఇరవై నిమిషాలు ఆ టేబుల్ దగ్గర నేను మళ్ళీ షిఫ్ట్ కెమిస్టును. మేనల్లుడు వెనక నుంచి మోచేతితో పొడుస్తూనే ఉన్నాడు. వాడి బాధ వాడిది: పీబీ అన్న మాట రశీదులో పడకూడదు. నా బాధ వేరు. ఇన్ని రోజులు కూర్చొని తేల్చిన పేరు అది.

చివరికి రశీదులో ఇలా పడింది: "త్రీనాట్‌త్రీ వంటి ఫోర్ టెన్ మస్కెట్, నున్న గొట్టం, బోల్టు తలకాయ లేదు, ఒకటి." 'వంటి' తీసేయమని అడగబోయాను. మేనల్లుడు చేయి పట్టుకొని బయటికి లాక్కొచ్చాడు. ఆర్మరర్ చూసి రిపోర్టు ఇచ్చాక మళ్ళీ పిలుస్తారట.

ఆ పొట్టి నూనె సీసా తొర్రలోనే ఉంచి ఇచ్చాను. అడగకపోయినా ఆ ముక్క కూడా రాయించాను.

23 అక్టోబర్, సోమవారం

దసరా ఇవాళేనా రేపా అని వాడకట్టంతా రెండు జట్లు. సర్కారు సెలవు ఇవాళ ఇచ్చింది గనక మా ఇంట్లో ఇవాళే. ఆయుధపూజ పీట మీద స్కూటర్ తాళం, కత్తిపీట, మనవరాలి జామెట్రీ బాక్స్, నా వెర్నియర్, బ్రిక్స్ స్పిండిల్. మా ఆవిడ అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, ఒక్క క్షణం ఆగి, "ఇంటికొచ్చిన అసలు ఆయుధాన్ని ఇచ్చొస్తిరి" అంది. ఎగతాళో, చిన్నబుచ్చుకోవడమో పోల్చుకోలేకపోయాను. ఆ మడమ రేకుకు ఆమె పెట్టిన మెరుపు అట్లాగే ఉండి ఉంటుంది ఠాణా గదిలో.

జమ్మి ఇచ్చిపుచ్చుకొని వచ్చాక పట్టుబట్టలు లోపల పెడదామని అల్మారా దగ్గరికి వెళ్ళాను. తాళం చెవి దూరలేదు. వంగి చూస్తే తాళం రంధ్రంలో పచ్చిమట్టి. కుమ్మరి పురుగు అప్పుడే ఇంకో ఉండ తెచ్చి దాని పైన అద్దుతోంది.